మ్యూజియంలో ఏం ఉద్యోగం?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది బొబ్బిలి. 33 ఏళ్లు సర్కారు బళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా వారి కాలం నుంచీ మా ఇంటికి మీ పత్రికే వస్తోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఉత్తరం రాయలేదు, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నాను.

పోయిన వారం డిగ్రీ తర్వాత ఏం చదవాలో చెబుతూ రెండు పేజీలు వేశారు. డేటా సైన్సు నుంచి హోటల్ మేనేజ్‌మెంటు దాకా చాలా ఉన్నాయి. మా మనవరాలు బీఏ హిస్టరీ మూడో సంవత్సరం. ఆ పేజీలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. చదివి, మడిచి నా చేతిలో పెట్టి, "ఇందులో కూడా నాది లేదు అమ్మమ్మా" అంది.

దానికి కళాచరిత్ర చదివి మ్యూజియంలో క్యూరేటర్, అంటే అక్కడి వస్తువుల బాగోగులు చూసి వాటి చరిత్ర తేల్చే ఉద్యోగి, అవ్వాలని ఉంది. ఈ మాట ఇంట్లో చెప్పి ఏడాదయింది. మొన్న వాళ్ల నాన్న, అంటే మా అల్లుడు, భోజనాల దగ్గర నన్నే అడిగేశాడు. "మ్యూజియంలో ఏం ఉద్యోగం అత్తయ్యగారూ? టికెట్లివ్వడమా, దుమ్ము దులపడమా? అంత దూరం పంపి లక్షలు పొయ్యాలా దీనికి?" కోపంగా అడగలేదు, భయంతో అడిగాడు. ఎరువుల కొట్టు నడుపుతూ, రాత్రి పది దాకా ఖాతాలు రాసుకుంటూ పిల్లలిద్దర్నీ చదివిస్తున్నవాడు. అతని టెన్షన్ నాకు తెలుసు. పిల్ల మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆ రాత్రి నేను అతనితో చెప్పినవే మీకూ రాస్తున్నాను. మా ఇంట్లో వచ్చిన ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వస్తూనే ఉంటుందని నా నమ్మకం.

2003లో మా చెల్లెలి కంటి ఆపరేషన్‌కి చెన్నై వెళ్లాం. ఒకరోజు డాక్టరు సాయంత్రం రమ్మంటే మధ్యలో నాలుగు గంటలు ఖాళీ దొరికింది. ఎగ్మూరులో ఉన్న మద్రాసు ప్రభుత్వ మ్యూజియం దగ్గరే అంటే ఒక్కదాన్నే వెళ్లాను. అప్పటికి ఎన్నో ఏళ్లుగా క్లాసులో అమరావతి స్తూపం పాఠం చెబుతున్నాను. దాని రాళ్లు మద్రాసులోనూ లండన్‌లోనూ ఉన్నాయని పాఠంలో ఒక వాక్యం ఉండేది. ఆ వాక్యం దగ్గర ఆగకుండా చదివేసి పక్క పేరాకి వెళ్లిపోయేదాన్ని. ఆరోజు ఆ గదిలో అడుగుపెట్టాక కాసేపు గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

పల్నాటి సున్నపురాయి. తెలుపులో లేత పచ్చ కలిసిన రంగు. బొమ్మ మీద బొమ్మ ఒరుసుకుని, రాతిలో చోటు చాలనట్టు ఉంటారు మనుషులు. ఒక రాతి మీద ఆడవాళ్ల గుంపు, వాయిద్యాలు వాయిస్తున్నారు. ఒకామె ఒళ్లో విల్లులాంటిది ఉంది. దాని వంపులో వరసగా తీగలు, ఆమె వేళ్లు ఆ తీగల మీద. కింద పలక మీద అది వీణ అని ఉంది. నేను బొబ్బిలి మనిషిని. మా పక్కన గొల్లపల్లిలో పనస దుంగని ఒక్క ముక్కగా తొలిచి వీణ చేయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మైనంలో 24 మెట్లు నిలబెట్టడం, చివర యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) తల చెక్కడం, ఏడు తీగలు బిగించడం అన్నీ కళ్లారా చూసినదాన్ని. ఈ రాతి మీది దానికి మెట్లూ లేవు, బుర్రా లేదు. ఇది వీణ ఎలాగవుతుంది?

పుస్తకాలమ్మే బల్ల దగ్గర అడిగితే అక్కడి మనిషి ఒక లావుపాటి పుస్తకం తీసి చేతికిచ్చాడు. అమరావతి శిల్పాల మీద 1942లో ఆ మ్యూజియమే వేసిన పుస్తకం, తర్వాత మళ్లీ మళ్లీ అచ్చయింది. రాసినాయన సి. శివరామమూర్తి గారు. అదే మ్యూజియంలో పురావస్తు విభాగం క్యూరేటర్‌గా పనిచేసినాయన. పాతకాలంలో వీణ అంటే ఈ విల్లు వాయిద్యం కూడానని ఆ పుస్తకం వల్లే నాకు తెలిసింది.

వీణ సంగతి తెలిశాక పుస్తకం పక్కన పెట్టెయ్యొచ్చు. నేను పెట్టలేకపోయాను. అందులో గీత బొమ్మల పేజీలున్నాయి, ఆయన స్వయంగా గీసినవి. ఒకచోట తలపాగాలు. ఇంకోచోట చెవులకి పెట్టుకునేవి, మరోచోట జడలు, కొప్పులు, కాలి అందెలు, మొలనూళ్లు, కుండలు, ఆసనాలు, ఆయుధాలు. రాతి మీద బొటనవేలంత ఉండే నగని కాగితం మీద పెద్దది చేసి, ముడి ఎక్కడ పడిందో, పూస ఎక్కడ తిరిగిందో కనబడేలా గీశారు. పక్కన నంబరు. ఆ నంబరు పట్టుకుని పుస్తకంలో వెతికితే అది ఏ రాతి మీదిదో, దాన్ని పాత కావ్యాల్లో ఏమని పిలిచారో దొరుకుతుంది. కుండలం, కేయూరం, మేఖల, నూపురం... నేను తెలుగు పద్యాల్లో బట్టీ పట్టిన మాటలివి. ఎలా ఉంటాయో ఎప్పుడూ చూడని మాటలు. ఆయన సంస్కృతం బాగా చదువుకున్నవాడు కాబట్టి ఆ మాటల్ని తీసుకెళ్లి రాయి మీద చూపించగలిగాడు.

ఆ పేజీ నేను ఎనిమిదో తరగతిలో చూపించాను. పార్వతీపురం అవతలి కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి ఉండేది. ఎప్పుడూ నోరు తెరిచేది కాదు. కాలి అందెల బొమ్మ చూసి, "ఇయి మా ముసలమ్మకి ఉన్నాయి టీచరు గారూ" అంది. పండక్కి ఇంటికెళ్లి వచ్చినప్పుడు గుడ్డలో చుట్టి ఒక కడియం తెచ్చింది. బరువైనది, లోపల బోలు, ఊపితే గలగలమంది. రెండూ ఒకటేనని నేను చెప్పలేను, రెండు వేల ఏళ్ల దూరం ఉంది మధ్యలో. ఆ కడియం మాత్రం ఆరోజు క్లాసులో నలభై చేతులు మారింది. పీరియడ్ అయ్యాక ఆ పిల్ల దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టుకుని గుండెలకి హత్తుకుని వెళ్లింది.

మా మనవరాలు కూడా ఆ పుస్తకం మీదే పెరిగింది. ట్రేసింగ్ పేపరు పెట్టి ఆ బొమ్మలన్నీ గీసేది. దాని కోరిక ఆకాశం నుంచి ఊడిపడలేదు.

అల్లుడు అడిగాడు, "ఆయన చివరికి ఏమయ్యాడు?" అని. న్యాయమైన ప్రశ్న. శివరామమూర్తి గారు 1909లో పుట్టారు. మద్రాసు మ్యూజియం తర్వాత కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పురావస్తు విభాగం చూశారు. దిల్లీ నేషనల్ మ్యూజియానికి డైరెక్టర్ అయ్యారు. దక్షిణాది లిపులు ఎలా మారుతూ వచ్చాయో 1952లో ఒక పుస్తకం రాశారు, శాసనాలు చదవడం నేర్చుకునేవాళ్లకి అది చేతికర్ర. మన తూర్పు చాళుక్యుల తొలినాటి శిల్పం మీద 1962లో ఇంకొకటి. నటరాజు మీద 1974లో వచ్చిన పుస్తకం గురించి వేరే చెప్పక్కర్లేదు, ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పద్మభూషణ్ ఇచ్చారు. 1983లో పోయారు. సంస్కృతం చదివి ఏం చేస్తావురా అని ఆయన్నీ ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ఉంటారని నాకనిపిస్తుంది.

అలాగని అందరూ డైరెక్టర్లవుతారని నేను అల్లుడికి చెప్పలేదు. ఉద్యోగాలు తక్కువ. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. అబద్ధం చెప్పి పిల్లని పంపించను. అసలు ఆ పని ఏమిటో తెలియకుండా, టికెట్లివ్వడం అనుకుని వద్దనడం మాత్రం అన్యాయం. వస్తువు రాగానే రిజిస్టర్లో ఎక్కించి నంబరు వెయ్యాలి. కొలవాలి, ఫోటో తియ్యాలి, ఎక్కడ దొరికిందో ఎవరిచ్చారో రాయాలి. ఆ తర్వాత దాని కాలం ఏదో, దాని మీద ఉన్నదెవరో తేల్చాలి. ఇది నెలల పని, ఒక్కోసారి ఏళ్ల పని. కంచు విగ్రహానికి ఒక పచ్చటి పొడి రోగంలా పట్టుకుంటుంది, పట్టించుకోకపోతే విగ్రహాన్ని తినేస్తుంది. దాన్ని ఆపడానికి కెమిస్ట్రీ కావాలి. మద్రాసు మ్యూజియంలో అందుకోసం 1930లోనే లాబొరేటరీ పెట్టారు. ఇదంతా అయ్యాక, మనం నిలబడి చదివే నాలుగు లైన్ల పలక. అందులో తప్పు పడితే వచ్చిన పిల్లలందరూ తప్పే నేర్చుకుపోతారు.

అమరావతి కథ కూడా చెప్పాను అల్లుడికి. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికే జనం రాళ్లు తవ్వుకుపోతున్నారు. ఇళ్లకీ గుళ్లకీ వాడుకున్నారు, సున్నానికి కాల్చుకున్నారు. ఆయన 1816లో మళ్లీ వచ్చి, ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. వాటిలో నూటికి పైగా 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. మెకంజీ గీయించిన రాళ్లలో కొన్ని ఇవాళ భూమ్మీద ఎక్కడా లేవు. కాగితం మీది ఆ గీతలే మనకి మిగిలాయి.

ఇది పాతకాలం సంగతేం కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలెత్తుకుపోయిన ఒక శిల్పఫలకం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులున్నది, చేతులు మారి మారి ఆస్ట్రేలియా చేరింది. అక్కడి నేషనల్ గ్యాలరీ 2005లో దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంది. అది మన చందవరానిదేనని పాత ఫోటోల్లో తేలాక 2016లో తిరిగిచ్చేశారు. ఎప్పుడో ఎవరో ఒక ఉద్యోగి ఎండలో నిలబడి ఆ రాయికి ఫోటో తీసి ఫైల్లో పెట్టాడు. ఆ ఫోటో లేకపోతే ఏం చూపించి అడుగుతాం?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి రాయాలి. రాయడానికి బాధగా ఉన్నా రాస్తాను.

మా పుట్టిల్లు వేగావతి ఒడ్డున చిన్న ఊరు. చెరువుగట్టు మీద రావిచెట్టు కింద ఒక రాయి ఉండేది. ఆడ రూపం. ఒక చెయ్యి విరిగిపోయింది, రెండో చేతి పక్కన కాడతో తామర. ముఖం అరిగిపోయినా పెదవి దగ్గర చిన్న నవ్వు ఉండేది. ఊళ్లోవాళ్లు గంగమ్మ అని పసుపు రాసేవారు. నేనూ రాశాను, పెళ్లికి ముందురోజు. టీచరయ్యాక పిల్లల్ని శాలిహుండం బౌద్ధ క్షేత్రానికి తీసుకెళ్లేదాన్ని. వంశధార గట్టున ఆ కొండెక్కి, కింద మ్యూజియంలో బౌద్ధుల దేవత తార విగ్రహం ముందు నిలబడినప్పుడు నాకు మా చెరువుగట్టు గుర్తొచ్చింది. ఆ తామర కాడ, ఆ నిలబడిన తీరు. ఈమె గంగమ్మో తారో నేను చెప్పలేను, చదువుకున్నవాళ్లెవరైనా వచ్చి చూస్తే బావుణ్ణనిపించింది. సంబంధించిన ఆఫీసుకి రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. తర్వాత చెరువుగట్టు వెడల్పు చేసే పని వచ్చింది. నేను వెళ్లేసరికి రావిచెట్టూ లేదు, రాయీ లేదు. మట్టిలో కలిసిందన్నారు కొందరు, ఎవరో బండిమీద వేసుకెళ్లారన్నారు ఇంకొందరు.

ఫిర్యాదు చేద్దామని వెళ్లాను. అక్కడ కుర్చీలో ఉన్నాయన మర్యాదగానే అడిగాడు. "ఫోటో ఉందామ్మా?" లేదు. "ఎత్తెంత?" చేత్తో చూపించాను. "ఏ రాయి?" నల్లగా ఉండేది, పసుపుతో పచ్చగా అయింది, అన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. పుట్టినప్పటి నుంచీ చూసిన రాయి, పసుపు రాసి దణ్ణం పెట్టిన రాయి, దాని ఎత్తెంతో నాకు తెలియదు. ఎత్తులూ కొలతలూ పిల్లలకి నేర్పినదాన్ని, టేపు పట్టుకుని ఒక్కసారి కొలవలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. మా మనవరాలు అప్పుడు ఆరో తరగతి. నా పక్కనే కూర్చుని, "నేను కొలుస్తాలే అమ్మమ్మా" అంది. ఆ పిల్ల ఆ మాట మర్చిపోలేదు.

మన గడ్డకి ఈ పని కొత్తదేం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడి గోడల మీది రాతలు చదవాలన్న పట్టుదలతో పాత లిపులు నేర్చుకున్నారు. శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో లోకానికి చూపించింది కూడా ఆయనే. వ్యావహారిక భాష అనగానే ఆయన్ని తలుచుకుంటాం, సవర భాష అన్నా తలుచుకుంటాం. రాళ్లు చదివిన పంతులుగా కూడా మన పిల్లలకి తెలియాలి. ముఖలింగం, శాలిహుండం, దంతవరపుకోట, ఇటు రామతీర్థం, ఇన్ని పెట్టుకున్న మన రెండు జిల్లాల పిల్లలకి మ్యూజియం చదువు అనేది ఒకటుందని తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

ఆ చదువు ఎక్కడుందో కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. బరోడా మహారాజా శాయాజీరావు యూనివర్సిటీలో 1952 నుంచి మ్యూజియాలజీ, అంటే మ్యూజియం పనుల చదువు, చెబుతున్నారు. దిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా 1989లో మొదలైనది ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నోయిడాలో ఉంది. అక్కడ కళాచరిత్ర, మ్యూజియాలజీ, కన్జర్వేషన్ మూడిట్లోనూ పీజీ ఉంది. కన్జర్వేషన్ అంటే వస్తువు పాడవకుండా కాపాడే శాస్త్రం, సైన్సు పిల్లలు దానివైపు వెళ్లొచ్చు. ఫీజులూ సీట్లూ ఏటా మారతాయి కాబట్టి మీ విలేకరులు కనుక్కుని వేస్తే మేలు.

మీకు నా మనవి ఇది. వచ్చేసారి కెరీర్ పేజీ వేసినప్పుడు ఈ చదువుకి ఒక కాలమ్ ఇవ్వండి. జీతం ఎంతో, ఖాళీలు ఎప్పుడు పడతాయో ఉన్నదున్నట్టు రాయండి. ఇప్పుడు ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని కలిసి, ఉదయం తాళం తీసిన దగ్గర నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో రాయండి. మా అల్లుడిలాంటి తండ్రులు చదువుతారు. ఇంకొకటి. మీ జిల్లా పేజీలో వారానికి ఒక్క ఫోటోకి చోటివ్వండి, చెరువుగట్టు మీదో పొలం గట్టునో పడి ఉన్న ఒక పాత రాయి ఫోటోకి. ఊరి పేరు, ఎత్తు, వెడల్పు, తీసిన తేదీ వేస్తే చాలు. అచ్చులో పడితే అదే ఒక రిజిస్టరు.

అల్లుడు ఇంకా సరేననలేదు. ఆ రాత్రి నేను చెప్పినదంతా విని, "ఆ చెరువుగట్టు రాయికి ఫోటో ఉండుంటే దొరికేదా అత్తయ్యగారూ?" అని అడిగాడు. "దొరికేదో లేదో తెలీదు బాబూ, అడగడానికి నా చేతిలో ఒక కాగితం ఉండేది" అన్నాను. మర్నాడు కొట్టుకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, అప్లికేషన్ ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కోమని కూతురికి చెప్పాడు.

పిల్ల ఈ రెండేళ్లలో సెలవులప్పుడు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి 17 రాళ్లకి కొలతలు రాసింది. లాంగ్ నోట్‌బుక్కులో ఒక్కో రాయికి ఒక పేజీ. బొమ్మ, ఎత్తు, వెడల్పు, ఎక్కడ ఉంది, ఊళ్లోవాళ్లు ఏమని పిలుస్తారు, ఎవరు చూపించారు. ఎదురు పేజీలో ఫోటో అంటించింది. మొదటి పేజీ మాత్రం ఖాళీగా ఉంచి, పైన మా పుట్టింటి ఊరి పేరు రాసుకుంది. ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంది. మీ విలేకరి ఎప్పుడొచ్చినా చూపిస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయురాలు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.

(పిల్ల చదువు సంగతి కాబట్టి నా పేరు వెయ్యవద్దని మనవి.)